బైక్‌ప్యాకింగ్ సంచులు: సీటు కింద వేలాడదీయాలా, క్యారియర్ మీద కట్టాలా?

సామాను సంచులు సైకిల్‌కే కట్టుకుని కొన్ని రోజులు తొక్కుతూ తిరిగి రావడమే బైక్‌ప్యాకింగ్. సీటు వెనక పొడుగాటి సంచి, హ్యాండిల్ ముందు అడ్డంగా ఒక చుట్ట, ఫ్రేమ్ మధ్యలో ఇంకోటి. ఏ కంపెనీ ప్రకటన చూసినా సైకిల్ ఇలాగే ముస్తాబై కనిపిస్తుంది. ఈ మూడూ కలిపి సెట్‌గా ఆర్డర్ పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు. తీరా బిగించాక వెనకది టైరుకు రాసుకుంటుంది, ముందుది గేరు వైర్లను వంచేస్తుంది, మధ్యది పెట్టాక నీళ్ళ సీసాలకు చోటే మిగలదు. సంచిలో లోపం లేదు, సైకిల్లోనూ లేదు. రెంటికీ కుదరలేదు, అంతే.

ఇక్కడ చూస్తున్నది రెండు నుంచి నాలుగు రోజుల ప్రయాణాలకు పనికొచ్చే సామాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, విశాఖ నుంచి అరకు, రాజమండ్రి నుంచి మారేడుమిల్లి లాంటివన్నమాట. విదేశీ జాబితాల్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటే ఈ దారుల్లో అనవసరపు బరువు మోయాల్సిందే. వాళ్ళ లెక్కలో టెంటు, స్లీపింగ్ బ్యాగ్, గాలిపరుపు, స్టవ్ తప్పనిసరి, అందుకే సామాను 35–40 లీటర్లకు తేలుతుంది. మనకు శ్రీశైలంలో సత్రాలకు కొదవ లేదు, అరకులో లాడ్జీలున్నాయి, పొద్దున్నే ఇడ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పడక సామాను తీసేస్తే మనిషికి 15 నుంచి 20 లీటర్లు చాలు. తగ్గించలేనివి నీళ్ళు. మార్చి దాటాక ఘాట్ ఎక్కాలంటే సైకిల్ మీద నాలుగు లీటర్లు పట్టే ఏర్పాటుండాలి, అంటే అచ్చంగా నాలుగు కిలోలు. కాబట్టి ముందు నీళ్ళెక్కడ పెట్టాలో తేల్చుకోవాలి, తర్వాత బరువైనవి, ఆఖర్న బట్టలు. చాలామంది దీన్ని తిరగేసి, బట్టలు పెట్టుకునే సీటు సంచితో కొనుగోలు మొదలుపెడతారు.

టేపు తీయకుండా కార్డు తీయొద్దు

కొలవాల్సినవి నాలుగు. మొదటిది సీటు కింది రైల్స్ (సీటును పట్టుకునే రెండు కమ్మీలు) నుంచి వెనక టైరు పైభాగం దాకా ఉన్న దూరం. ఇది 18–20 సెంటీమీటర్ల కంటే తక్కువైతే 14–16 లీటర్ల సీటు సంచి మీద ఆశ వదులుకోవచ్చు. ఐదున్నర అడుగుల లోపు ఎత్తున్నవాళ్ళకు ఇక్కడే చిక్కు. చిన్న ఫ్రేమ్, పైగా 29 అంగుళాల చక్రం, సీటేమో కిందికి దించి ఉంటుంది. ఖాళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? వెనక సస్పెన్షన్ ఉన్న సైకిలైతే నిలబెట్టి కొలిచిన కొలతకు విలువే లేదు. షాక్‌లో గాలి తీసేసి, సీటును పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు కొలవాలి.

రెండోది ఫ్రేమ్ లోపలి త్రికోణం. టేపుతో మూడు వైపులా కొలిస్తే చాలదు. ఒక అట్టముక్క లోపల ఆనించి గీసుకుని కత్తిరించుకోవాలి, బాటిల్ కేజ్ (సీసా పెట్టే గూడు) బోల్టులు ఎక్కడొస్తాయో దాని మీదే గుర్తు పెట్టుకోవాలి. మూడోది హ్యాండిల్ నుంచి ముందు టైరు దాకా ఖాళీ. ముందు ఫోర్క్‌కు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉంటే ఆ పది సెంటీమీటర్లు అందులోంచి తీసేయాలి. వంపు హ్యాండిల్ సైకిళ్ళకు రెండు వంపుల మధ్య లోపలి వెడల్పు కూడా చూడాలి, దానికి మించిన చుట్ట పడితే బ్రేకు లీవర్ల దగ్గర వేళ్ళు దూరవు.

నాలుగోది ఎవరూ కొలవనిది, మోకాళ్ళ మధ్య దూరం. పెడల్ తొక్కుతుంటే తొడలు, మోకాళ్ళు టాప్ ట్యూబుకు (ఫ్రేమ్ పై గొట్టం) ఎంత దగ్గరగా వస్తున్నాయో ఇంకొకరిని వెనక నిలబడి చూడమనాలి. ఫ్రేమ్ సంచి వెడల్పు ఆరు సెంటీమీటర్లు దాటిందంటే చాలామందికి మోకాలు రాసుకుంటుంది. కొనేటప్పుడు ఖాళీ సంచి ఐదు సెంటీమీటర్లే ఉంటుంది, కుక్కాక పొట్ట ఉబ్బి ఎనిమిదవుతుంది. పొద్దున్నే తెలియదు, మధ్యాహ్నానికి మోకాలి లోపలివైపు చర్మం ఎర్రగా కందిపోయాక తెలుస్తుంది.

మొదట కొనాల్సింది ఫ్రేమ్ సంచి

సైకిల్ మీద బరువు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కిందికీ, మధ్యకీ ఉంటుంది కాబట్టి మలుపుల్లో సైకిల్ పక్కకు లాగదు. పనిముట్లు, ట్యూబులు, పవర్ బ్యాంక్, గొలుసు నూనె, తిండి అన్నీ ఇక్కడికే చేరాలి.

సగం సంచా, నిండు సంచా అనే ప్రశ్నకు మన దారుల్లో జవాబు సగం సంచే. టాప్ ట్యూబు కింద సన్నగా పట్టే 3 నుంచి 5 లీటర్ల సంచి కొంటే కింద రెండు సీసాలూ ఉంటాయి. కేజ్‌లోంచి సీసా పైకి లాగితే సంచి అడుక్కి తగులుతుందేమో చూసుకోవాలి. తగిలితే పక్కనుంచి తీసే కేజ్ వేయించుకుంటే సరిపోతుంది. నిండు సంచి పెడితే పది లీటర్ల దాకా చోటొస్తుంది గానీ రెండు సీసాలూ పోతాయి, ఆ నీళ్ళకు వేరే ఏర్పాటు వెతుక్కోవాలి. లోపల రెండు లీటర్ల నీళ్ళ తిత్తి పెట్టుకుని గొట్టం బయటికి తెచ్చుకునేవాళ్ళున్నారు. పద్ధతి బాగుంటుంది, మూత కారనంతవరకు. కారితే దాని పక్కనే ఉన్న పవర్ బ్యాంక్ పని అయిపోతుంది.

జర్మన్ కంపెనీ ఓర్ట్‌లీబ్ టాప్ ట్యూబ్ ఫ్రేమ్ ప్యాక్ 4 లీటర్లది. వాన విషయంలో దానికి వంక పెట్టలేం. నీళ్ళు రాని జిప్పు కావడంతో లాగడానికి బలం పట్టే మాట నిజమే, ఒక్క చేత్తో తీయబోతే రాదు, సైకిల్ ఆపాల్సిందే. అపిడ్యూరా కంపెనీ సంచుల్లో రెండు రకాల్ని కలగలిపి చూడకూడదు: ఎక్స్‌పెడిషన్ వరస సంచులు వేడితో అతికించినవి, వానకు పూర్తిగా తట్టుకుంటాయి, బ్యాక్‌కంట్రీ వరస కుట్టినవి, రాపిడికి గట్టివి. రాక్‌బ్రోస్, డెకథ్లాన్ సంచులు ధర దగ్గర గెలుస్తాయి. వాటిలో బలహీనమైన చోటు దాదాపు ఎప్పుడూ జిప్పే.

జిప్పు ఎందుకు పోతుందో తెలుసుకుంటే ఏ సంచైనా ఇంకో రెండేళ్ళు ఎక్కువ వస్తుంది. ఎక్కువగా కుక్కి, రెండు అంచుల్నీ చేత్తో దగ్గరికి లాగి జిప్పు వేస్తే ఆ లాగుడంతా రన్నరు మీద పడుతుంది. రన్నరు నోరు విచ్చుకుంటుంది. అప్పుడది ముందుకు వెళ్తుంది గానీ వెనక పళ్ళు విడిపోతుంటాయి. పళ్ళు పోయాయనుకుని సంచి పారేస్తారు. సన్నటి ప్లయర్‌తో రన్నరు రెండు పక్కలా వెనకవైపు కొద్దిగా నొక్కితే మళ్ళీ పట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే పగులుతుంది, కొంచెం కొంచెంగా నొక్కుతూ చూసుకోవాలి. ఎర్రమట్టి దారిలో తిరిగొచ్చాక పాత టూత్ బ్రష్‌తో పళ్ళు తోమి, ఆరాక కొవ్వొత్తి రాయాలి. నూనె మాత్రం రాయొద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

రెడీమేడ్ ఏదీ కుదరకపోతే ఊళ్ళో బ్యాగులు కుట్టే షాపుకి ఆ అట్టముక్క పట్టుకెళ్ళొచ్చు. ఇది చవక, కొలతకు అచ్చంగా సరిపోతుంది, కాకపోతే ప్రతిదీ చెప్పి చేయించుకోవాలి. అట్ట కంటే చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి కుట్టమనాలి, లేకపోతే నిండాక ఫ్రేమ్‌లో ఇరుక్కుంటుంది. నూలు దారం వద్దు, నైలాన్ లేదా పాలిస్టర్ దారమే వాడమనాలి. నూలు తడిసి ఆరి తడిసి ఆరి ఒక వానాకాలానికే చీకిపోతుంది. జిప్పు 8 నంబరుకు తగ్గకూడదు, పళ్ళు ప్లాస్టిక్‌వైతే మేలు, ఇనప పళ్ళు తుప్పు పడతాయి. వెల్క్రో పట్టీలు రెండున్నర సెంటీమీటర్లు కాదు, ఐదు సెంటీమీటర్ల వెడల్పువి. అవి బట్ట అంచున కుడితే ఊడొస్తాయి, కాబట్టి లోపల ఇంకో పొర పట్టీ వేసి దాని మీద చతురస్రంగా, మధ్యలో ఇంటూ గుర్తు వచ్చేలా కుట్టించుకోవాలి. స్కూలు బ్యాగుల మెటీరియల్ చూపిస్తారు, వద్దని లారీ టార్పాలిన్ అడగండి. తూకం కాస్త ఎక్కువే గానీ ఆ వస్తువుకు తిరుగులేదు. జర్మనీలో 1982లో మొదలైన ఓర్ట్‌లీబ్ తొలి సంచులు పుట్టిందీ లారీ టార్పాలిన్ బట్టలోంచే.

సీటు సంచి: అందం ఎక్కువ, ఓపిక కావాలి

పేరున్న సీటు సంచులు చాలావరకు 9 నుంచి 17 లీటర్లుంటాయి. ఓర్ట్‌లీబ్ సీట్ ప్యాక్ పెద్దది 16.5 లీటర్లు, లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న వాల్వు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన గరిష్ఠ బరువు 5 కిలోలు. ఆ అంకె సంచి చిరగకుండా మోసే బరువు మాత్రమే. తొక్కేవాడికి సుఖంగా ఉండే బరువు మూడు కిలోలు, దాని మీద ఒక్క అరకిలో. అది దాటితే నిలబడి తొక్కినప్పుడల్లా సంచి ఎడ్లబండి కింద కట్టిన లాంతరులా అటూ ఇటూ ఊగుతుంది. బరువు సీట్ పోస్ట్‌కు (సీటును నిలబెట్టే గొట్టం) ఎంత దూరం జరిగితే ఊపు అంత పెరుగుతుంది. అందుకే సంచి ఖరీదు కంటే సర్దే తీరు ముఖ్యం.

సర్దడం ఇలా. సంచిని సైకిల్ మీద ఉంచి కాదు, విప్పి బల్ల మీద పెట్టి నింపాలి. సీట్ పోస్ట్ వైపు ఉండే సన్నటి మూల ముందు నిండాలి. అక్కడ ఖాళీ మిగిలితే సంచి మధ్యలో విరిగి వంగుతుంది. అడుక్కి చెప్పులు, వాన ప్యాంటు లాంటి గట్టివి, కాస్త బరువైనవి వెళ్ళాలి. బట్టలు ఇస్త్రీ మడతల్లా పెట్టొద్దు, ఒక్కొక్కటి చుట్టి సందుల్లోకి దూర్చాలి. చివర తేలికపాటి జాకెట్. మోకాలితో నొక్కి గాలి తీసేసి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టాలి. రెండు మడతలతో ఆపితే పైన చినుకుల్ని ఆపుతుంది గానీ టైరు కింది నుంచి కొట్టే నీళ్ళని ఆపదు.

బిగించేటప్పుడు సీట్ పోస్ట్ వెల్క్రో ముందు వదులుగా చుట్టి వదిలేయాలి. రైల్స్ మీది రెండు పట్టీలూ ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మార్చి మార్చి లాగాలి. ఆ లాగుడు సంచిని పైకీ ముందుకీ నెట్టి మూలను సీట్ పోస్ట్‌కు అదమాలి. అప్పుడు వెల్క్రో గట్టిగా. సరిగా వచ్చిందో లేదో తేల్చే పరీక్ష సులువు: సంచి చివర పట్టుకుని పక్కకు ఊపితే సైకిల్ మొత్తం కదలాలి. సంచి ఒక్కటే కదిలితే విప్పి మళ్ళీ కట్టాలి. ఐదారు కిలోమీటర్లు వెళ్ళాక ఆగి ఇంకోసారి లాగాలి, ఎందుకంటే లోపల సామాను కుదురుకుని పట్టీలు వదులవుతాయి.

రెవలేట్ టెర్రాపిన్ లాంటివి రెండు ముక్కల పద్ధతి: తొడుగు సైకిల్‌కే ఉంటుంది, లోపలి డ్రై బ్యాగ్ (నీళ్ళు దిగని, మూతి చుట్టే సంచి) ఒక్కటి లాగి గదిలోకి పట్టుకుపోవచ్చు. రోజూ లాడ్జీ మెట్లెక్కి దిగేవాళ్ళకు ఈ సౌకర్యం మాటల్లో చెప్పేది కాదు. కార్బన్ సీట్ పోస్ట్ ఉన్నవాళ్ళు మాత్రం వెల్క్రో తగిలే చోట పారదర్శకపు ఫిల్మ్ అతికించకుండా ఏదీ కట్టొద్దు. మధ్యలో ఇసుక రేణువులు చేరితే వెల్క్రో గరుకు కాగితంలా పోస్ట్‌ను అరగదీస్తుంది.

క్యారియర్‌ను తక్కువ చేసి చూడకండి

ఇక్కడ మా అభిప్రాయం కాస్త ఫ్యాషన్‌కు ఎదురు. వెనక ఇరుసు దగ్గరా, సీటు స్టేల (సీటు దగ్గర నుంచి వెనక ఇరుసుకు దిగే గొట్టాలు) మీదా బోల్టు రంధ్రాలున్న సైకిలైతే, వెళ్ళేది తారు రోడ్డో మంచి మట్టి రోడ్డో అయితే, సీటు సంచి కొనొద్దు. అల్యూమినియం క్యారియర్, దాని మీద అడ్డంగా 20 లీటర్ల డ్రై బ్యాగ్, అంతే. ఊగదు, టైరుకు తగలదు, ఎత్తు తక్కువవాళ్ళకు రైల్స్ కొలత తలనొప్పి ఉండదు. పేరున్న కంపెనీ సీటు సంచి ఒక్కదాని ధరకు సాదా క్యారియర్, డ్రై బ్యాగ్, మంచి ఫ్రేమ్ సంచి మూడూ వస్తాయి.

మామూలు క్యారియర్ల మీద 25 కిలోలని రాసి ఉంటుంది. బరువుకు అది విరిగిపోవడం అరుదు, బోల్టులు వదులై ఊడిపోవడం మామూలు. గతుకుల్లో రెండు రోజులు తిరిగితే ఎం5 బోల్టులు వాటంతటవే తిరుగుతాయి. బోల్టు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాక్ జిగురు ఒక్క చుక్క వేసి బిగించాలి, రోజూ పొద్దున ఎలెన్ కీతో తాకి చూడాలి, రెండు అదనపు బోల్టులు సంచిలో ఉండాలి. అవి మారుమూల ఊళ్ళో దొరకవు. దొరికినా పొడుగు ఎక్కువై ఫ్రీవీల్‌కు తగిలే రకం దొరుకుతాయి.

కట్టడానికి కొక్కేల సాగు తాళ్ళు వద్దు. కొక్కెం జారి చక్రం ఆకుల్లో (స్పోకుల్లో) పడితే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. మన ఊళ్ళలో పాలక్యాన్లు, గ్యాస్ బండలు కట్టే పాత ట్యూబు ముక్కలు దీనికంటే వెయ్యిరెట్లు నమ్మకం. కాకపోతే మిగిలిన కొసలు లోపలికి దోపాలి. డబ్బు పెట్టగలిగితే వోలే స్ట్రాప్స్: సాగే ప్లాస్టిక్ పట్టీకి నిచ్చెన రంధ్రాలుంటాయి, ఒక్క బకిల్‌తో బిగుసుకుంటాయి, ఒకసారి పెడితే గతుకుల్లో జారవు. విరిగిన క్యారియర్ కాలును కట్టడానికీ అవే పనికొస్తాయి.

పక్కకు వేలాడే పానియర్లు కావాలంటే ఓర్ట్‌లీబ్ బ్యాక్ రోలర్ క్లాసిక్ జత 40 లీటర్లు, జత తూకం దాదాపు 1.9 కిలోలు. కొక్కేల్లో క్యారియర్ కమ్మీ మందానికి సరిపడే ముక్కలు పెట్టుకోవాలి. అవి పెట్టకుండా తగిలించేస్తే ప్రతి గుంతకూ టకటకలాడి కమ్మీని కోసేస్తుంది. రోడ్ సైకిళ్ళకు వెనక చక్రం దగ్గరగా ఉంటుంది కాబట్టి మడమ తగులుతుంది. కొక్కేలను వెనక్కి జరిపి, సంచిని కాస్త ఏటవాలుగా కడితే చాలాసార్లు తప్పిపోతుంది. రెండు మూడు రోజులకు 40 లీటర్లు మాత్రం ఎక్కువే. చోటుంటే నింపడం మనిషి గుణం. లంబసింగికి డిసెంబరులో వెళ్ళేవాళ్ళకు చలి బట్టలతో ఒక పానియరు నిండుతుంది, రెండోది ఇంట్లో పెట్టేయొచ్చు.

మరి సీటు సంచి ఎవరికి? క్యారియర్ రంధ్రాలు లేని సైకిల్‌కు, కార్బన్ ఫ్రేమ్‌కు, కాలిబాట లాంటి రాళ్ళదారుల్లో తొక్కేవాళ్ళకు. అక్కడ పానియర్లు పొదలకు చిక్కుకుంటాయి, బండలకు కొట్టుకుంటాయి.

హ్యాండిల్ చుట్ట, మిగిలిన చిన్నవి

హ్యాండిల్ మీద తేలికవే: దోమతెర, పల్చటి దుప్పటి, ఆరిన బట్టలు. రెండు మూడు కిలోలు దాటితే దిగుడు మలుపుల్లో ముందు చక్రం మన మాట ఆలస్యంగా వింటుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు అది సరదా విషయం కాదు. బ్రేకు, గేరు వైర్లకూ సంచికీ మధ్య ఫోమ్ దిమ్మలు పెట్టి రెండు వేళ్ళ ఖాళీ ఉంచాలి. గేరు వైరు వంగితే గేర్లు వాటంతటవే దూకుతాయి, అప్పుడు జనం డిరేలర్‌ను (గొలుసును గేర్ల మీద జరిపే భాగం) తిప్పుతూ కూర్చుంటారు. సంచి విప్పితే సరిపోయేది. హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింది ఫ్రేమ్ ముందు గొట్టం) మీద సంచి రాసుకునే చోట ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు వేయండి. లైటు సంచి వెనక దాక్కుంటుంది కాబట్టి దాన్ని పట్టీకో, ఫోర్క్‌కో మార్చాలి. దీనికోసం ప్రత్యేకంగా ఖరీదైన సంచి అవసరం లేదు, 10 లీటర్ల మామూలు డ్రై బ్యాగ్, రెండు గట్టి పట్టీలు చాలు.

టాప్ ట్యూబు మీది చిన్న డబ్బా సంచి ఫోనుకు, డబ్బుకు. ఎండలో పవర్ బ్యాంక్ అందులో పెట్టొద్దు, నల్ల సంచి లోపల ఉడుకుతుంది. హ్యాండిల్ పక్కన కట్టే గుండ్రటి సంచి సీసాకైతే భేష్, తిండికైతే శ్రీశైలం దారిలో కోతులతో పంచుకోవాల్సి వస్తుంది. అరటిపండు తొక్క అంచు కనిపించినా చాలు. పల్లీ పట్టీలూ పండ్లూ జిప్పున్న ఫ్రేమ్ సంచిలోనే ఉండాలి.

ఫోర్క్ మీద మూడు బోల్టు రంధ్రాలుంటే నీళ్ళ సమస్య సగం తీరినట్టే. సల్సా ఎనీథింగ్ కేజ్ లాంటివి ఒక్కోటి 3 కిలోల దాకా మోస్తాయి. వాటి అసలు గొప్ప ఏమిటంటే, కిరాణా కొట్లో దొరికే లీటరు నీళ్ళ బాటిల్ మామూలు సైకిల్ కేజ్‌లో సరిగా కూర్చోదు, వీటిలో పట్టీతో బిగుసుకుని నిలబడుతుంది. రెండు వైపులా సమానంగా ఉంచాలి, ఒకవైపు సీసా ఖాళీ అయితే రెండోవైపుదీ తాగడం మొదలుపెట్టాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్ళేముందు అన్ని సీసాలూ నింపుకోవాలి, తర్వాత దుకాణాలు దూరదూరంగా ఉంటాయి. ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల్ని వదలరు, దాన్నిబట్టి చెక్‌పోస్టు దగ్గరికి చేరే వేళ చూసుకోవాలి.

వాన, చెమట, ఉప్పుగాలి

సంచి మీద నీళ్ళు రావని రాసి ఉందా, నీళ్ళను అడ్డుకుంటుందని రాసి ఉందా చూడాలి. కుట్టిన సంచి ఎంత మంచి బట్టదైనా సూది రంధ్రాల్లోంచి గంట వానకు తడి దిగుతుంది. అలాంటి వాటిలో లోపల మందపాటి పాలిథిన్ కవరు పెడితే సరి. అతికించిన సంచులకు వేరే ఇబ్బంది: నీళ్ళు లోపలికి రావు, లోపలివి బయటికి పోవు. చెమట బట్టలు అందులో కుక్కితే సాయంత్రానికి పొడిబట్టలూ తడుస్తాయి. తడివి బయట పట్టీల కింద దోపండి.

చవక సంచుల లోపల తెల్లగా మెరిసే పియు (పాలియురేథేన్) పూత ఉంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తేమ ఊళ్ళలో అటక మీద రెండు మూడేళ్ళు పడేస్తే ఆ పూత జిగురై, తర్వాత పొలుసులుగా రాలుతుంది. దానికి మరమ్మతు లేదు. టిపియు (థర్మోప్లాస్టిక్ పాలియురేథేన్) పూత, టార్పాలిన్ ఈ విషయంలో చాలా నయం. ఏ సంచైనా సబ్బునీళ్ళతో కడిగి, నీడలో ఆరేసి, మూత తెరిచి వేలాడదీయాలి.

లోపలికి వెళ్ళేవాటిలో మరిచిపోకూడనివి

రెండు ట్యూబులు, పంక్చర్ కిట్, టైరు లీవర్లు, చేతి పంపు, గొలుసు విడదీసే పనిముట్టున్న మల్టీటూల్, గొలుసు తెగితే కలిపే, దానికి సరిపోయే క్విక్ లింక్, గేరు హ్యాంగర్ (వెనక డిరేలర్‌ను ఫ్రేమ్‌కు పట్టే ముక్క) ఒకటి, జిప్ టైలు. ఇవన్నీ కలిపి లీటరున్నర చోటు తినవు. సన్న వాల్వు ట్యూబులున్నవాళ్ళు ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తగిలించి ఉంచుకోవాలి, అదుంటే రోడ్డు పక్క ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. హ్యాంగర్ మాత్రం మీ సైకిల్ మోడల్‌దే కావాలి, ఇంకోదానిది పట్టదు.

రైలెక్కించేవాళ్ళు సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేసేముందు సంచులన్నీ విప్పేయాలి, పట్టీలు కూడా. ఐదు చిన్న సంచులు చేతిలో పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తే బదులు, మడిచి పెట్టుకున్న ప్లాస్టిక్ బియ్యం బస్తాలో అన్నీ వేసి మూతి కట్టేస్తే ఒక్క లగేజీ అవుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఫ్రేమ్ సంచికీ పట్టీలకూ ఖర్చు పెట్టి, డ్రై బ్యాగులు చవకవి కొనొచ్చు. డెకథ్లాన్‌లో ఉన్న లాభం సైకిల్‌ను షాపు దాకా తీసుకెళ్ళి అమర్చి చూసుకోవచ్చు. కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని బిల్లుకు ముందే అడగాలి. ఆన్‌లైన్‌లో రాక్‌బ్రోస్ లాంటివి తెప్పిస్తే వచ్చిన రోజే కట్టి ఊరి చుట్టూ తిరిగి చూడాలి, రిటర్న్ గడువు దాటాక తెలిసే లోపాలు మనవే. ఏటా నాలుగైదు వానాకాలపు ప్రయాణాలు చేసేవాళ్ళకే ఓర్ట్‌లీబ్, అపిడ్యూరా ధరకు న్యాయం జరుగుతుంది. వాటి బకిళ్ళు, కొక్కేలు విడిభాగాలుగా దొరకడం అప్పుడు అక్కరకొస్తుంది.

పాతవి కొంటుంటే ఫొటోలు నమ్మొద్దు. మూతిని తిరగేసి లోపలి పూతను బొటనవేలితో రుద్దండి, జిగురు తగిలినా పొడి రాలినా వదిలేయండి. బకిళ్ళు ఒక్కొక్కటి పెట్టి తీయండి, ఎండకు పెళుసైన ప్లాస్టిక్ మీద తెల్లటి గీతలు కనిపిస్తాయి. సీటు సంచైతే అడుగు భాగం చూడండి, టైరు రాసుకున్న నున్నటి మచ్చ ఉందంటే ఆ చోట బట్ట సగం అరిగిపోయినట్టే. ఆఖర్న మూడు మడతలు చుట్టి, గాలి నింపి, బకెట్ నీళ్ళలో ముంచండి. బుడగలు సన్నగా ఒక్కచోటే వస్తే టైరు ప్యాచ్ జిగురుతో అతుకు వేయొచ్చు. అతుకు గీత పొడవునా వస్తుంటే బేరం ఆడక్కర్లేదు.